పైన్ కాయలు మా ఊళ్లో దొరకవండీ

సంపాదకుడు గారికి,

నమస్కారమండి. మొన్నటి ఆదివారం అనుబంధంలో, పండగ సెలవుల్లో పిల్లల చేత ఇంట్లోనే కానుకలు చేయించండంటూ రెండు పేజీలు వేశారు. ఆలోచన మంచిదే. కానీ కింద ఇచ్చిన సామాన్ల జాబితా చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత కాస్త కోపమూ వచ్చింది. ఎండిన పైన్ కాయలు, మార్ష్‌మాలోలు, వైట్ చాక్లెట్ చిప్స్, మూత బిగించే గాజు జాడీలు, ఎర్ర శాటిన్ రిబ్బను. నాకు అమలాపురంలో పుస్తకాల కొట్టుందండి. సోమవారం పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి ఒకావిడ మీ పేపరు మడతపెట్టి చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. "మావయ్యగారూ, పైన్ కాయలున్నాయా?" అంది. కొబ్బరికాయలు అడిగితే లారీకి ఎత్తించగలం, పనసకాయ అడిగితే ఏ పెరట్లోంచో కోయించగలం. అరకు వైపు పైన్ తోటలున్నాయి నిజమే, కానీ ఎల్కేజీ పిల్లాడి బొమ్మ కోసం ఘాట్ రోడ్డు ఎక్కమంటారా?

మా అక్క కూతురు డల్లాస్ దగ్గర ఉంటుంది. ఈ సంగతి ఫోన్లో చెబితే పడీపడీ నవ్వింది. వాళ్ల వీధిలో పైన్ కాయలు కాళ్ల కింద దొర్లుతాయట. ఆవిడకి దొరకనివల్లా రేగుపళ్లు. పోయిన భోగికి వాళ్ల బుజ్జిదాని నెత్తిన క్రాన్‌బెర్రీలు, చాక్లెట్లు, సెంటు నాణేలు కలిపి పోశారు. అది సబబే. అక్కడ దొరికేదాంతో అక్కడి పండగ చేసుకున్నారు. మరి ఇక్కడ దొరికేదాంతో ఇక్కడి పండగ చేసుకోండని మీ రెండు పేజీల్లో ఒక్క ముక్క ఎందుకు లేదు? ఆ వ్యాసం ఎక్కడో ఎవరికోసమో రాసింది, తెలుగులోకి మార్చి మా ముందు పెట్టినట్టుంది.

ఇలాంటి ఉత్తరం రాస్తే నష్టపోయేది నేనే. సెలవుల ముందు వారం నా కొట్టుకి మంచి గిరాకీ. చార్టులు, గ్లిట్టర్ గమ్ములు, ఫోమ్ షీట్లు, అంటించే ముత్యాలు, ఇల్లూ ఆవూ గొబ్బెమ్మా ముందే అచ్చేసిన కటౌట్లు. థర్మాకోల్ తేవడం మాత్రం మానేశాను. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు కదండీ. మిఠాయి డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ పొర కూడా ఆ జాబితాలోనే ఉంది. అయినా అడుగుతూనే ఉంటారు. "ప్రాజెక్టండీ, రేపే ఇవ్వాలి" అంటారు. కొనేది అమ్మ, రాత్రి పదకొండింటిదాకా కూర్చుని అంటించేది అమ్మ. పిల్లాడు కొట్టులో నా బల్ల పక్కన నిలబడి ఫోన్లో కార్లు తోలుకుంటూ ఉంటాడు. ఏ రంగు చార్టు కావాలో వాణ్ణి ఎవరూ అడగరు. వాడూ చెప్పడు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. సెలవుల్లో పిల్లలు చేసే వస్తువు ఇంకొకరు తినేదో, వాడుకునేదో అయ్యుండాలి, దాన్ని మొదటినుంచి చివరిదాకా పిల్లల చేతులే చేయాలి. ఆ రెండూ కుదరాలంటే సామాను పెరట్లోదీ వంటింట్లోదీ అయ్యుండాలి. బజారు నుంచి తెస్తే పాడవుతుందేమోనని పెద్దవాళ్లకి టెన్షన్, వెంటనే చేతిలోంచి లాక్కుంటారు. పనసాకు చిరిగితే ఇంకో ఆకు కోసుకుంటారు, అంతేకదా.

పనసాకు అన్నాను కాబట్టి దాని సంగతే ముందు చెబుతాను. మా అంబాజీపేట పొట్టిక్కలు తిననివాళ్లు ఇటువైపు ఉండరు. ఇడ్లీ పిండే, కాకపోతే పనసాకు బుట్టలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆకు వాసనంతా పిండికి పడుతుంది. హోటల్లో ఆ బుట్టలు కుట్టేవాళ్ల చేతులు చూస్తుంటే కళ్లు తిప్పలేం. పిల్లలకి అంత వేగం అక్కర్లేదు. లేత ఆకు వద్దు, చినిగిపోతుంది. మరీ ముదురాకు వద్దు, వంచితే పుటుక్కుమంటుంది. మధ్యస్తంగా ఉన్నవి నాలుగు ఏరుకోవాలి. తొడిమ తుంచగానే తెల్లటి పాలు కారతాయి, అది బంక, బట్టకి అంటితే వదలదు. అందుకని తుంచిన ఆకుల్ని కాసేపు నేలమీద బోర్లించి, గుడ్డతో తుడిచి, వేళ్లకి రెండు చుక్కలు కొబ్బరినూనె రాసుకుని మొదలుపెట్టాలి. నాలుగు ఆకుల కొసలూ మధ్యలో ఒకదానిమీద ఒకటి వచ్చేట్టు కూడలిలా పేర్చాలి. కొబ్బరి ఈనెని రెండంగుళాల ముక్కలుగా విరుచుకుని, మధ్యలో లోపలికి ఒక కుట్టు, బయటికి ఒక కుట్టు. తర్వాత పక్కపక్క ఆకుల్ని పైకి లేపి అంచుల్ని ఒకదానిమీద ఒకటి తెచ్చి ఈనెతో గుచ్చాలి. అలా నాలుగు మూలలూ గుచ్చేసరికి బుట్ట నిలబడుతుంది.

మా మనవరాలికి ఏడేళ్లు. హైదరాబాద్‌లో రెండో తరగతి. మొదటి బుట్టకి అడుగున చిల్లి, అందులో బియ్యం పోస్తే కారిపోయాయి. వాళ్లమ్మ చెయ్యి చాపింది, సరిచేద్దామని. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. పిల్ల తనే ఇంకో ఆకు తెచ్చి లోపల పరిచేసింది. చిల్లి మూసుకుంది! మాకెవరికీ తట్టని ఉపాయం. కుట్లు విప్పి మళ్లీ కుట్టాలనే మేమనుకుంటున్నాం.

ఇక బుట్టలో పెట్టేది. పొయ్యి దగ్గర పిల్లల పని వీలైనంత తక్కువుండాలి కాబట్టి నా ఓటు చిమ్మిలికి. ఈ కాలం పిల్లలు పేరు కూడా విని ఉండరు. పావుకిలో నువ్వులు, నూటయాభై గ్రాముల బెల్లం, రెండు యాలక్కాయలు, అంతే సరుకు. నువ్వుల్ని సన్నసెగ మీద చిటపటమనేదాకా పెద్దవాళ్లు వేయించి పళ్లెంలో ఆరబోయాలి. పూర్తిగా చల్లారాలి. వేడిమీద దంచినా, మిక్సీలో ఆపకుండా తిప్పినా నువ్వులు నూనె కక్కేస్తాయి, ముద్ద జిడ్డు జిడ్డుగా తయారవుతుంది. మిక్సీ అయితే ఒక్క తిప్పు, ఆపు, ఇంకో తిప్పు, ఆపు. రోలుంటే మరీ మంచిది, పిల్లలు రోకలి వదలరు. బెల్లం తురిమి అందులో వేసి ఇంకోసారి దంచి, చేతికి ముద్దకట్టేట్టు ఉంటే ఉండలు చుట్టడమే. పొడిపొడిగా ఉంటే మాత్రం నీళ్లు చల్లొద్దు, తొందరగా పాడైపోతుంది. ఒక చెంచా నెయ్యి వేయండి. ఉసిరికాయంత ఉండలైతే ఓ ఇరవై వస్తాయి. బుట్టకి మూడో నాలుగో పెడితే చక్కగా సరిపోతాయి. ఇంట్లో తినే వాళ్ల చేతివాటం బట్టి ఎన్ని బుట్టలు నిండుతాయో నేను హామీ ఇవ్వలేను.

పిల్లలకి ఇంకా సరదా కావాలంటే గవ్వలు. ఇందులో పని రెండు భాగాలు, ఒకటి వాళ్లది, ఒకటి మనది. రెండు గ్లాసుల మైదాలో రెండు చెంచాల బొంబాయిరవ్వ, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి వేసి చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా కలిపి అరగంట మూతపెట్టాలి. రేగుపండంత ఉండలు చేసి గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకి దొర్లిస్తే గీతలు పడి గవ్వలా ముడుచుకుంటుంది. గవ్వల చెక్క లేదా? కొత్త దువ్వెన చాలు. మా ఇంట్లో ఎప్పుడూ దువ్వెనే. నా కొట్లోనే పది రూపాయల ప్లాస్టిక్ దువ్వెనలున్నాయి, వేడినీళ్లతో కడిగి వాడుకోవాలి, అది గవ్వలకే ఉంచేయాలి. మొదట్లో పిల్లలు వేలితో గట్టిగా నొక్కేస్తారు, పిండి పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. కాసేపటికి చెయ్యి తిరుగుతుంది. ఒక్కో పిల్లది ఒక్కో తీరు. ఏ గవ్వ ఎవరు చేశారో వేయించాక కూడా చెప్పేయొచ్చు. చిన్నాడివి మధ్యలో లావు, అంచులు పలచన.

నూనె దగ్గరికీ పాకం దగ్గరికీ మాత్రం పిల్లల్ని రానివ్వకండి. ఈ మాట మీ వ్యాసంలో లేదు, అది చాలా పెద్ద లోపం. బెల్లం పాకం మరిగే నీళ్లకన్నా వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అతుక్కుంటుంది, దులిపితే పోదు. గ్లాసు బెల్లానికి పావు గ్లాసు నీళ్లు పోసి పాకం పట్టి, పళ్లెంలో నీళ్లలో ఒక బొట్టు వేసి చూస్తే ఉండకట్టాలి. అప్పుడు గవ్వలు పోసి కలిపి దించేసి, చల్లారాకే పిల్లల్ని పిలవాలి. ఇంకోటి, నువ్వులూ వేరుశనగలూ పడని వాళ్లుంటారు. పక్కింటికి ఇచ్చేముందు ఒక మాట అడగమని పిల్లలకి చెప్పండి. చిన్నపిల్లలున్న ఇంటికి గుండ్రటి గట్టి ఉండలు పంపొద్దు, గొంతులో పడుతుంది.

మీకో విన్నపం. చిమ్మిలిగానీ గవ్వలుగానీ మీ పేపర్లో పొట్లం కట్టమని ఎవరికీ సలహా ఇవ్వకండి. నా చిన్నప్పుడు కిరాణా కొట్లో పకోడీ దగ్గర్నుంచి పంచదార దాకా అన్నీ న్యూస్‌పేపర్ పొట్లాలే, జనపదారం చుట్టి తెంపడం ఒక విద్య. కానీ అచ్చు సిరా తినే పదార్థానికి అంటుతుందని, పేపర్లో ఆహారం చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒకటికి రెండుసార్లు చెప్పింది. బయట సంచి చేసుకోవడానికి మీ పేపరు బ్రహ్మాండం. లోపల మాత్రం ఆకే ఉండాలి.

పనసాకు దొరకని ఊళ్లవాళ్లకి ఇంకో మార్గం ఉంది. ప్రతి ఇంట్లో బీరువా మీద ఓ కట్ట పాత శుభలేఖలుంటాయి. పారేయడానికి మనసొప్పదు, ఉంచితే పనికిరావు. వాటితో పెట్టెలు చేయొచ్చు. ఇక్కడొక చిక్కుంది. పైన వినాయకుడో వేంకటేశ్వరస్వామో ఉంటాడు, దాన్ని కత్తిరిస్తే మామ్మగారు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. ఆ బొమ్మ ఉన్న భాగాన్ని వేరుగా తీసి పక్కన పెట్టి, లోపలి దళసరి కాగితం తీసుకోండి. చదరంగా కత్తిరించి, నాలుగు మూలలూ మధ్యకి మడిచి, తర్వాత ఎదురెదురు వైపుల్ని మధ్యగీతకి మడిచి విప్పాలి. పడిన గీతల వెంబడి గోడలు లేపితే పెట్టె. దళసరి కాగితం ఊరికే మడిస్తే మడత దగ్గర పగులుతుంది. దానికో చిట్కా చెబుతాను. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని, స్కేలు పెట్టి మడత రావాల్సిన చోట గట్టిగా గీయాలి. ఇంకు పడదు, గాడి పడుతుంది. అప్పుడు మడత కత్తిలా వస్తుంది. మూతకి ఇంకో ముక్క, అరసెంటీమీటరు పెద్దది. ఇంకు అయిపోయిన పెన్నులు మా కొట్టుకి వస్తే ఊరికే ఇస్తాను, పిల్లలు మార్చుకుని పడేసినవి ఒక డబ్బా నిండా ఉన్నాయి.

అంటించడానికి గమ్ము ట్యూబులు కూడా కొనక్కర్లేదు. చెంచా మైదా, కప్పు నీళ్లు ఉండల్లేకుండా కలిపి సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు వాడే గమ్ములో వేయొద్దు. రెండ్రోజులకి పులిస్తే పారబోసి మళ్లీ కాచుకోవడమే.

మా వీధి చివర చర్చి ఉంది. డిసెంబర్ నెల వస్తే అక్కడి పిల్లలు నక్షత్రం కడతారు. వెదురు బద్దలు చీల్చి రెండు ముక్కోణాలు ఒకదానిమీద ఒకటి తిరగేసి కట్టి, పైన రంగు కాగితం అంటించి, లోపల బల్బు. ఇదే మైదా గమ్ము. కాగితం నా దగ్గరే కొంటారు, బద్దలు కల్లుగీత తాత ఒకాయన చీల్చిపెడతాడు. ఆ పిల్లలు పండక్కి మా ఇంటికి అరిసెలు, జంతికలు తెస్తారు. సంక్రాంతికి మా మనవలు తిరిగి పట్టుకెళతారు. ఇచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదని మా ఆవిడ నియమం. ఆ నియమం వల్ల కొన్ని గిన్నెలు రెండిళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. ఇప్పుడు వాటి అసలు యజమాని ఎవరో ఎవరికీ గుర్తులేదు.

సంక్రాంతి దగ్గరికొస్తే మా కోనసీమ పిల్లలకి అసలైన పని ప్రభలే. బయటి జిల్లాల పాఠకుల కోసం రెండు మాటలు. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగు బట్టలు చుట్టి, దేవుణ్ణి పెట్టి ఊరేగించే చట్రం. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. అక్కడ గుడి ఉండదు, కొబ్బరితోటే. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. కొన్ని ప్రభల్ని కౌశిక కాలువ దాటించి, పొలాల గుండా భుజాల మీద మోసుకొస్తారు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఇదే. ఆరోజు టీవీ ముందు మా వీధి వీధంతా కూర్చుంది.

పెద్ద ప్రభ కట్టడం పిల్లల వల్ల కాదు. కానీ మా వీధి పిల్లలు మోచేతి పొడవు ప్రభలు కడతారు. రెండు కొబ్బరి ఈనెల్ని విల్లులా వంచి, అడ్డంగా నిలువుగా ఇంకొన్ని ఈనెలు దారంతో కట్టి, పాత జాకెట్టు ముక్కలు, రంగు ఊలు చుట్టి, పైన చిన్న జెండా. అడుగున అరటిబోదె ముక్కలో గుచ్చితే నిలబడుతుంది. ఈనె పచ్చిదై ఉండాలి, ఎండినది వంచితే విరుగుతుంది. ఊలు చుట్టడంలో దిట్ట ఒక కుర్రాడు ఉన్నాడు, ఆరో తరగతి, మా కొట్లో ప్రతి రంగు ఊలూ ఒక్కో మూర కొంటాడు. నాకు చిల్లర పని, వాడికి మహా లెక్క. ఎరుపు తర్వాత పసుపు రావాలి, పసుపు పక్కన తెలుపు రాకూడదు, అలా. వాడు పోయినేడు కట్టిన ప్రభ మా ఎదురింట్లో మంచం పట్టిన పెద్దాయనకి ఇచ్చాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు తీర్థంలో ప్రభ మోసినవాడు. చూసిన వెంటనే "కట్టు తప్పురా, ఇక్కడ ముడి ఇలా కాదు" అన్నాడు. ఇద్దరూ కూర్చుని మొత్తం విప్పేశారు. కానుక ఇచ్చి తిట్లు తిన్నాడని వాళ్లమ్మ నొచ్చుకుంది గానీ, కుర్రాడు మర్నాడు ఊలు కోసం మళ్లీ వచ్చాడు. ముడి కుదిరిందా అని అడిగితే ఇంకా తాతగారు ఒప్పుకోలేదన్నాడు.

ఎవరికివ్వాలి అన్నది కూడా పిల్లలే తేల్చుకోవాలి. పెద్దవాళ్లు రాసే జాబితాలో బాసులు, టీచర్లు, అపార్టుమెంటు సెక్రటరీలు ఉంటారు. మా మనవరాలి జాబితా వేరు. పొద్దున్నే మీ పేపరు వేసే అబ్బాయి (వాడి సైకిలు బెల్లు తనకి ఇష్టమట), కొబ్బరి దింపుకి వచ్చే ఆయన, చెత్తబండి తోలే ఆవిడ, ఇంకా హరిదాసుగారు. మా హరిదాసుగారు ఇప్పుడు స్కూటీ మీద వస్తున్నారు, ముందు చిన్న స్పీకరు. అయినా నెత్తిమీద అక్షయపాత్ర దించరు, హరినామం తప్ప మాట మాట్లాడరు. మా పిల్ల వాకిట్లో నిలబడి చిమ్మిలి బుట్ట ఆ పాత్రలో వేయబోయింది. అది బియ్యానికేనని మేం చెప్పేలోపే ఆయన మోకాలు వంచి కిందికి ఒరిగి, బుట్ట చేత్తో అందుకుని స్కూటీ డిక్కీలో పెట్టుకున్నారు. అప్పుడు మళ్లీ ఒరిగి బియ్యం వేయించుకున్నారు. మాట మాత్రం లేదు.

పట్నాల్లో పండగ చేసుకునేవాళ్లకీ దారుంది. భోగి పిడకల దండలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కవర్లో వస్తున్నాయి, కొనుక్కోవడమే నయం, పదో అంతస్తులో ఆవుపేడ ఎక్కడ దొరుకుతుంది? కానీ పండగ వెళ్లాక రథసప్తమి వస్తుంది. దానికి కావలసింది పావుకిలో చిక్కుడుకాయలు, చీపురుపుల్లలు. కాయల్ని పుల్లలతో గుచ్చి రథం కట్టి, చిక్కుడాకుల మీద పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం. మా వైపు గొబ్బి పిడకలు దాచి ఆరోజు వాటిమీదే పాలు పొంగిస్తారు. రథానికి కాస్త వంపున్న కాయలు ఏరాలి, తిన్నటివి చక్రాలకి పనికిరావు. ఫ్లాటు బాల్కనీలో కూడా అయిపోతుంది. చేసిన రథాన్ని మధ్యాహ్నం కూర వండేసుకోవచ్చు. ఇంత లాభసాటి బొమ్మ నా కొట్లో ఒక్కటి లేదు.

ఇవి మా కోనసీమ ముచ్చట్లు. తెలంగాణలో సకినాలు చుట్టే ఇళ్లలో పిల్లలకి ఒక మూల గుడ్డ పరిచి పిండిముద్ద చేతికిస్తారని మా కొట్టుకి వచ్చే వరంగల్ మాస్టారు చెప్పారు. చుట్టు తిప్పడం పెద్దవాళ్లకే కష్టం, పిల్లలవి పాముల్లా పోతాయట. ఆయన ఇంట్లో వాటిని విడిగా వేయించి పిల్లల పేర్లతో పంచుతారట. బతుకమ్మకి మలీద ముద్దలు చేసేది కూడా సగం పిల్లలేనట. రొట్టె, బెల్లం, నెయ్యి చేత్తో మెదపడం కన్నా పిల్లలకి నచ్చే పనేముంటుంది! సీమలో బొరుగుల ఉండలు, శ్రీకాకుళం వైపు ఇంకేవో ఉంటాయి. మీకు ప్రతి జిల్లాలో విలేకరి ఉన్నాడు. ఒక్కొక్కరిని వాళ్ల ఊళ్లో ఒక వంటింట్లో అరగంట కూర్చోమనండి. వచ్చే అనుబంధం మొత్తం నిండిపోతుంది, అందులో దొరకని సరుకు ఒక్కటీ ఉండదు. కొలతలు మాత్రం గ్లాసుల్లో వేయండి. మీ వ్యాసంలో ఔన్సులు ఉన్నాయి, ఔన్సు గ్లాసు హోమియో డాక్టరు దగ్గర తప్ప నేను చూడలేదు.

చివరగా ఒక సాంకేతిక సమస్య. అదే అనుబంధంలో పిల్లలు కత్తిరించి అంటించుకోవడానికి గాలిపటం బొమ్మ వేశారు. దాని వెనక పేజీలో పదవినోదం వేశారు. మా ఇంట్లో కత్తెర పట్టుకున్న మనవడు ఒకవైపు, పెన్ను పట్టుకున్న మా ఆవిడ ఒకవైపు, పేపరు మధ్యలో. ఆ పూట రెండు ప్రతులు కొన్నాం, మీకు లాభమే అనుకోండి. వచ్చేసారి కత్తిరించే బొమ్మ వెనక ఏదైనా ప్రకటన వేయించండి. మా కొట్టుది కూడా ఇస్తాను, రేటు చెప్పండి.

ఇట్లు,
ఒక పుస్తకాల కొట్టు యజమాని,
అమలాపురం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.